మావాడి కొలత

"మావాడికంటే రెండు వేళ్ళు లావు, భుజం ఒక వేలు దిగుడు," అనేవాడు మాస్టారు, కోటు కుట్టించుకోవడానికి వచ్చిన మనిషిని తన బిడ్డ పక్కన నిలబెట్టి ఎగాదిగా చూసి. అంతే, కొలత అయిపోయినట్టే. టేపు మెడలో వేలాడుతూ ఉండేది గాని అది అలంకారానికే. రాసిపెట్టుకోవడమనేది చేతగాని దర్జీలు చేసే పని అని ఆయన నమ్మకం. ఊళ్ళో కోటు తొడుక్కునే మగవాళ్ళంతా ఆయన బుర్రలో మావాడికి ఎక్కువగానో తక్కువగానో సర్దుకుని ఉండేవారు. బ్యాంకు మేనేజరు మావాడికి నాలుగు వేళ్ళు ఎక్కువ. పళ్ళ డాక్టరు అచ్చం మావాడే, కాకపోతే కాస్త గూని. పెళ్ళికొడుకులు వచ్చినప్పుడు మావాడిలాగే వస్తారనీ, ఏడాది తిరిగేసరికి మావాడిలో సగం కలుపుకొని వస్తారనీ చెప్పి ఆయనే పగలబడి నవ్వేవాడు.

కచ్చాకుట్టు వేసిన ప్రతి కోటూ ముందు ఆ బిడ్డ ఒంటి మీదికి ఎక్కాల్సిందే. దాని మీద సరిచేశాక వేళ్ళ లెక్కన పెంచడమో తగ్గించడమో చేసి అసలు కుట్టు వేసేవాడు. పదిహేనేళ్ళు నిండినప్పటినుంచీ ఆ ఒళ్ళు దుకాణం ఆస్తి. వీధిలో అందరూ కొలతబ్బాయి అని పిలిచేవారు. ఈ కథలో మాత్రం ఆమె అనే ఉంటుంది. ఒళ్ళు ఆమెది, అది ఎవరిదో చెప్పాల్సిన నోరూ ఆమెదే. కాదనేవాళ్ళు వెళ్ళి ఆ మాస్టారి పక్కన బెంచీ మీద కూర్చోవచ్చు, అక్కడ చోటుకు కొదవ లేదు.

కింద దుకాణం, పైన రెండు గదుల ఇల్లు. మెట్లు కత్తిరింపు బల్ల వెనకనుంచే ఎక్కాలి, ఇంకో దారి లేదు. పైన అక్క ఉండేది. మొగుణ్ణి వదిలేసి వచ్చి తండ్రి నీడన చేరిన మనిషి, నోరు మాత్రం అత్తింట్లో వదిలి రాలేదు. కింద బల్లకు ఒకవైపు మాస్టారు, రెండోవైపు ఆమె, మూలన ఆవిరి కక్కుతూ ఇస్త్రీ మామ. ఆమెకు ఆ బల్లంటే ప్రాణం. కత్తెర బట్టను తెగ్గోస్తూ పోయే చప్పుడు వింటే ఆమెకు ఆకలి కూడా గుర్తొచ్చేది కాదు. తండ్రి తర్వాత ఆ కత్తెర తనదే అవుతుందని అందరికీ తెలుసు. ఆమె కోరుకున్నది అంతకంటే ఒక్క పిసరు ఎక్కువ. ఆ బల్ల దగ్గరే ఉండాలి, ఆయన కూతురిగా ఉండాలి. ఈ పిసరే కొండయి కూర్చుంది.

ఆడదాని ఒళ్ళు రావడానికి హార్మోను మందులు మొదలుపెట్టిన రోజున డాక్టరమ్మ అన్నీ విడమరచి చెప్పింది. చర్మం పలచబడుతుంది, బలం తగ్గుతుంది, ఏడుపు ఊరికే వస్తుంది, గడ్డం దానంతటది పోదు, గొంతు మారదు. ఇవన్నీ మెల్లిగా జరుగుతాయి, కంగారు పడకు అంది. కోట్ల గురించి ఏమీ చెప్పలేదు. పాపం, ఆవిడకేం తెలుసు.

ముందు చెమట వాసన మారింది. విడిచిన చొక్కా తానే వాసన చూసుకుని, ఎవరిదో తొడుక్కున్నానేమో అనుకుంది. తర్వాత మోచేతుల గరుకు పోయింది, గుండుసూది గీరుకున్నా ఎర్రగా తేలడం మొదలైంది. ఒంటిచేత్తో భుజానికెత్తుకునే బట్టల చుట్టను రెండు చేతులా పొట్టకు ఆనించుకుని మోయాల్సి వచ్చింది. ఇస్త్రీ మామ చూసి, "ఏం నాయనా, అన్నం సరిగ్గా తినట్లేదా?" అన్నాడు. ఆ మాటకే ఆమె కళ్ళు చెమర్చాయి. అన్నం మాటకు ఏడ్చే మనిషినయ్యానా అని తన మీద తనకే నవ్వొచ్చింది.

ఆ తర్వాత అసలుది. ఎడమ చనుమొన వెనక కోటు గుండీ అంత గట్టిగా ఒకటి మొలిచింది. ఇంకొన్నాళ్ళకు కుడివైపూ మొలిచింది. చొక్కా రాసుకుంటేనే ప్రాణం జివ్వుమనేది. తలుపు మూల తగిలిన ఒకరోజు ఆమె వంటగదిలో కూలబడి పళ్ళు బిగబట్టుకుంది. మందుల సంగతి తెలిసిన అక్క గ్లాసుడు నీళ్ళిచ్చి, పక్కనే చతికిలబడి నవ్వడం మొదలుపెట్టింది.

"నవ్వుతావేంటే?" అంది ఆమె.

"మాకు పన్నెండేళ్ళప్పుడే అయిపోయిన భాగోతం నీకిప్పుడొచ్చింది. మాకూ ఇంతే, ఒకటి ముందు బయల్దేరుతుంది, రెండోది తీరిగ్గా వస్తుంది. బోర్లా పడుకోకు. పరిగెత్తకు. తలుపులు చూసుకుని నడువు. ఇదిగో, ఇది తొడుక్కో." పాత లోబాడీ ఒకటి ఒళ్ళోకి విసిరింది. "నాన్నకి ఎప్పుడు చెప్తావే?"

"చెప్తాలే."

"చెప్పేదాకా ఆయన కళ్ళు మూసుకుని కూర్చుంటాడా? ఆ కళ్ళు కత్తెరకంటే పదును."

అక్క మాట నిజమే. అందుకే ఆమె వంగడం నేర్చుకుంది. ఎద కనిపించకుండా భుజాలు రెండూ ముందుకు లాక్కుని, వీపు కాస్త గుండ్రం చేసి నిలబడేది. కచ్చాకుట్టు కోటు ఆ వంపు మీదే పడేది. మాస్టారు సుద్దతో గీసేవాడు, వీపున బట్ట వదిలేవాడు, ముందువైపు ఉబ్బుకు చోటిచ్చేవాడు. ఆమె ఒంటి మీద అద్దినట్టు ఉండేది. తిన్నగా నిలబడే మగవాడు తొడిగేసరికి కాలరు మెడ వెనక దొప్పలా లేచేది, ఎద దగ్గర బట్ట సంచిలా వేలాడేది. కొలతకు మనిషిని వాడే దుకాణానికి తప్ప ఇంకెవరికీ పట్టని తెగులు ఇది.

ముందుగా బ్యాంకు మేనేజరు తిరిగొచ్చాడు. బెంచీ మీద నలుగురున్నారు. అద్దం ముందు నిలబడి, కోటు ముందుభాగం రెండు వేళ్ళతో పట్టుకుని లాగి చూపించాడు.

"మాస్టారూ, ఇక్కడేం పెట్టుకోమన్నారు నన్ను? మా ఆవిడ దగ్గర అప్పు తెచ్చుకోనా?"

దుకాణం గొల్లుమంది. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంటుందని భయం. మాస్టారు మాత్రం నవ్వలేదు. ముప్ఫై ఏళ్ళలో ఆయన కోటు వెనక్కి రావడం అదే మొదలు. ఆ వారంలో పళ్ళ డాక్టరుదీ వచ్చింది, ఒక పెళ్ళికొడుకుదీ వచ్చింది.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆయన కోపమంతా ఇస్త్రీ మీద పడింది.

"లోపలి గుడ్డని ఉడకబెట్టి పారేశావయ్యా. ఉబ్బింది చూడు. కళ్ళు పోయాయా నీకు?"

"మాస్టారూ, నా చేతికి వచ్చేసరికే ఆ వంపు ఉంది," అన్నాడు ఇస్త్రీ మామ.

"అంటే నా కత్తెరదా తప్పు?"

ఇస్త్రీ మామ ఒకసారి ఆమెవైపు చూశాడు. రోజూ నాలుగు కోట్లు ఆమె ఒంటినుంచి నేరుగా ఆయన చేతికే వెళ్తాయి, వెచ్చగా. ఆయనకు తెలియంది కాదు. ఆమె ఒక్క మాటంటే ఆయన ఉద్యోగం నిలుస్తుంది. ఆ మాట అంటే తన బల్ల పోతుంది. ఆమె కుక్కిన పేనులా ఉండిపోయింది. చూపు దించుకుని సుద్దముక్క అరగదీస్తూ నిలబడింది. ఇది చిన్న పాపం కాదు, దీనికి ఏ మందూ సాకు కాదు.

మాస్టారు పొమ్మనగానే ఇస్త్రీ మామ తన పెట్టె తనే గుడ్డలో చుట్టుకున్నాడు. వెళ్తూ వెళ్తూ ఆమె దగ్గర ఆగి, "నువ్వు కాస్త నిటారుగా నిలబడు నాయనా, అంతే చాలు," అన్నాడు. అందులో నిష్ఠూరం కూడా లేదు. ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది.

ఇక ఇస్త్రీ పని కూడా మాస్టారే చేశాడు. కోట్లు వెనక్కి వస్తూనే ఉన్నాయి. ఒకరోజు మధ్యాహ్నం ఆయన కచ్చాకుట్టు కోటు ఆమెకు తొడిగి, వెనక్కి జరిగి, చాలాసేపు చూశాడు.

"ఎందుకలా వంగుతున్నావు?"

"లేదు నాన్నా."

"లేదేంటి, కనపడుతుంటే." ఒక అరచెయ్యి వీపుకు, ఒకటి ఎదకు ఆనించి, వంగిన రేకును తిన్నగా చేసినట్టు ఒక్క నొక్కు నొక్కాడు.

ఆమె కెవ్వుమంది. ఆయన చెయ్యి తీయలేదు. అరచేతి కింద ఉన్నదేమిటో, ఎంత ఉందో, ఎడమకూ కుడికీ తేడా ఎంతో ఆ చెయ్యి తెలుసుకుంటోంది. కొలుస్తున్నాడని ఆమెకు అర్థమైంది. ముప్ఫై ఏళ్ళ అలవాటు మరి. తర్వాత చెయ్యి తీసి, తన చొక్కాకు తుడుచుకుని, సుద్ద అందుకున్నాడు.

మర్నాటినుంచి ఆమె పాత ఒంటిని గుర్తుపెట్టుకుని కత్తిరించడం మొదలుపెట్టాడు. ఆ కోట్లు తెచ్చి ఆమెకే తొడిగేవాడు. పొమ్మనలేక పొగబెట్టడం అంటారే, ఆయన పొగకు బదులు గుండీలు వాడాడు.

"పడుతుందా?"

"బిగుతుగా ఉంది నాన్నా."

"మావాడికి ఎప్పుడూ బిగుతవలేదే. పెట్టు. పై గుండీ కూడా పెట్టు. ఊపిరి లోపలికి లాగి పెట్టు."

పెట్టి, బెంచీ మీది మనుషుల ముందు నిలబెట్టేవాడు. వాళ్ళు టీ తాగేవారు, ధరలు మాట్లాడుకునేవారు, క్రికెట్ మాట్లాడుకునేవారు. ఆయన మధ్యమధ్యలో వచ్చి, ఎద మీద ఏదో నలకను దులిపినట్టు వేళ్ళతో గట్టిగా కొట్టేవాడు. కోటు లోపలి కాన్వాసు గరుకు లోబాడీలోంచి కూడా ఒరుసుకుపోయి చర్మం చెక్కుకుపోయింది. పైకి వెళ్ళాక అక్క మందు రాస్తూ తండ్రిని నోటికొచ్చినట్టు తిట్టేది, గొంతు తగ్గించి.

"చెప్పెయ్యవే. తెలిసిపోయింది కదా, ఇంకా దేనికి ఈ దాగుడుమూతలు? ముసలాడు నీ నోటితో వినాలనే ఇదంతా చేస్తున్నాడేమో."

ఆ 'ఏమో' అనే మాటను పట్టుకుని ఆమె మర్నాడు చెప్పేసింది. దుకాణంలో ఎవరూ లేరు. ఆయన బల్ల మీద బూడిదరంగు బట్ట పరిచి కోస్తున్నాడు.

"నాన్నా, నేను మందులు వాడుతున్నాను. తెలిసే వాడుతున్నాను. ఈ పెరుగుతున్నది నాకు కావలసిందే. అబ్బాయిగా నావల్ల కాదు, ఎప్పుడూ కాలేదు. నన్ను కూతురనుకో. పనిలో లోటు రానివ్వను. కొలతకి మాత్రం ఇంకెవరినైనా పెట్టుకుందాం."

కత్తెర ఆగలేదు. అంచు చివరిదాకా వెళ్ళింది.

"ఇస్త్రీవాణ్ణి పంపించేశాను," అన్నాడు.

"నావల్లే నాన్నా."

"నా చేతికి చెవుడొచ్చిందనుకున్నాను. వేళ్ళకి చూపు పోయిందనుకున్నాను. రోజూ పొద్దున్నే ఈ చేతులు చూసుకునేవాణ్ణి. నువ్వెదురుగా నిలబడి చూస్తున్నావు."

ఆ మాటలు న్యాయమైనవే. న్యాయమైన మాటను ముందు పెట్టి, దాని వెనకనుంచి ఏమైనా చెయ్యొచ్చని ఆమెకు ఇంకా తెలియదు. ఏడ్చింది. ఈమధ్య ఏడుపు ఎలాగూ గుమ్మంలోనే కూర్చుని ఉంటోంది.

ఆయన కత్తెర పక్కన పెట్టాడు. గొంతు మెత్తగా చేసి, "నీ పాత ఒళ్ళు గుర్తుందా నీకు?" అని అడిగాడు.

"ఉంది."

"అయితే బొమ్మ చేద్దాం. ఆ ఒళ్ళు అచ్చంగా దించేద్దాం. ఇక కోట్లు దానికే తొడుగుదాం. నీకూ ఈ బాధ ఉండదు."

ఆమె జీవితంలో అంత మంచి రోజులు మళ్ళీ రాలేదు. తండ్రీబిడ్డా బల్లకు అటూ ఇటూ కూర్చుని మందపాటి గుడ్డతో మొండెం కోశారు. పెద్ద కత్తెర ఆయనే తీసి ఆమె చేతికిచ్చాడు. కుడి భుజం ఎడమదానికంటే కాస్త దిగువ అని ఆమె గుర్తుచేసింది. వెన్నులో నడుం దగ్గర చిన్న పల్లం ఉండాలని ఆయన గుర్తుచేశాడు. కోట్లు కోయగా మిగిలిన ముక్కలన్నీ కూరి, ఎక్కడా గడ్డ కట్టకుండా చేత్తో సర్ది, తోలు కుట్టే దారంతో మూసింది. తనకు వద్దే వద్దనుకున్న ఒంటిని ఇంత ముద్దుగా తయారు చేస్తున్నందుకు ఆమెకే వింతగా ఉంది. కాని చివరికి అది తన మీదనుంచి దిగిపోయి ఒక కర్ర మీదికి ఎక్కుతోంది, ఎవరి దారిన వాళ్ళు బతకొచ్చు. బొమ్మను నిటారుగా నిలబెట్టింది, ఎద విరుచుకుని, తను ఎప్పుడూ నిలబడనంత ధైర్యంగా.

మాస్టారు దాని చుట్టూ తిరిగి, భుజాల మీద రెండు చేతులూ వేసి, "బావుంది," అన్నాడు. ఆయన నోట ఆ మాట రావడమే అరుదు. ఆమె మెట్లెక్కి పరిగెత్తి అక్కకు చెప్పింది.

"మెత్తబడ్డాడే ముసలాడు!" అంది అక్క. "చెప్పానా?"

నాలుగో రోజు పొద్దున ఆమెకు రక్తపరీక్ష. ఇక దాచుకోవాల్సిందేమీ లేదు గనక అక్క తన పాత నీలం లంగా, జాకెట్టు, ఓణీ ఇచ్చింది. నడుము దగ్గర నాలుగు కుట్లు వేసి బిగించింది, జుట్టు వెనక్కి దువ్వి క్లిప్పు పెట్టింది. దుకాణం తెరవకముందే ఆమె వెళ్ళిపోయింది. వీధిలో మొదటిసారి నిటారుగా నడిచింది. భుజాలు వెనక్కి వెళ్ళినందుకు మెడ కూడా హాయిగా ఉంది. ఆసుపత్రిలో పక్క కుర్చీలో కూర్చున్న ఒకావిడ, కాస్త నా సంచి చూస్తుండమ్మా అని చెప్పి వెళ్ళింది. ఆ సంచిని ఆమె సొంత బిడ్డలా కాపలా కాసింది.

తిరిగొచ్చేసరికి దుకాణం నిండుగా ఉంది. మూలన ఆవిరి లేస్తోంది. ఇస్త్రీ మామ! నాన్న ఆయన్ను కూడా పిలిపించేశాడు, అన్నీ సర్దుకున్నాయి అనుకుంది. బ్యాంకు మేనేజరు అద్దం ముందు కొత్త కోటులో అటూ ఇటూ తిరుగుతున్నాడు. కాలరు మెడకు కరుచుకుని ఉంది.

"ఇప్పుడు కుదిరింది మాస్టారూ. కొలతబ్బాయి దారిలోకొచ్చాడా? ఏడీ, కనపడడే?"

మాస్టారు బొమ్మ భుజం తట్టాడు. "ఇడుగో మావాడు. వంగడు, నసగడు, అబద్ధమాడడు. అచ్చం వాడి ఒళ్ళే. మావాడికి మీరు నాలుగు వేళ్ళు ఎక్కువ."

అందరూ నవ్వారు. వేళాకోళమే కదా అని ఆమె కూడా నవ్వుతూ లోపలికి వచ్చి, బల్ల పక్కనుంచి మెట్లవైపు నడిచింది. మాస్టారు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. మెడలో టేపు సర్దుకుని, కొత్తగా వచ్చినవాళ్ళ దగ్గర నవ్వే నవ్వు నవ్వాడు.

"చెప్పండమ్మా. ఏం కావాలి?"

"నాన్నా..."

ఆ గొంతు వినగానే మేనేజరు నవ్వు ఆగిపోయింది. ఆమెను పైనుంచి కిందికి చూసి, చప్పున అద్దంవైపు తిరిగి, ఉన్న గుండీనే మళ్ళీ పెట్టుకోవడం మొదలుపెట్టాడు. బెంచీ మీద టీ గ్లాసులు ఎక్కడివక్కడ ఆగాయి. ఆమె ఎవరో అందరికీ తెలిసింది.

"ఇక్కడ మగవాళ్ళకే కుడతామమ్మా," అన్నాడు మాస్టారు, ఎంతో మర్యాదగా. "ఆడవాళ్ళకి కుట్టేవాళ్ళు పక్క వీధిలో ఉన్నారు. అక్కడ కనుక్కోండి."

"నాన్నా, అందరి ముందూ ఏంటిది? నన్ను పైకి వెళ్ళనివ్వు."

"పైన మా ఇల్లమ్మా. బయటివాళ్ళు వెళ్ళకూడదు."

అక్క మెట్ల మీదికి వచ్చింది. సంగతి ఒక్క చూపులో పట్టేసింది. "నాన్నా, నీకేమైనా పిచ్చెక్కిందా, అది మన..." అనబోయింది.

"పైకి వెళ్ళు," అన్నాడు ఆయన, అక్కవైపు తిరక్కుండానే. "లేకపోతే నువ్వూ దిగు. నీ మొగుడింటికి దారి నీకు తెలుసుగా."

అక్కది అంత పెద్ద నోరు, ఆ మాటతో మూతపడింది. ఒక మెట్టు దిగింది. చెల్లెలివైపు చూసింది, తండ్రి వీపువైపు చూసింది. కొంగుతో మొహం తుడుచుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది. పైన తలుపు మూసుకున్న చప్పుడు కిందికి వినిపించింది.

ఆమె ఇస్త్రీ మామవైపు చూసింది. ఆయన తలెత్తలేదు. ఒకే కోటు చేతి మీద పెట్టె అటూ ఇటూ తిప్పుతూ ఉన్నాడు. ఆయన్ను పంపేసిన రోజున ఆమె కూడా సుద్దముక్కే చూసింది, అడిగే హక్కు ఆమెకు లేదు.

మేనేజరు వెళ్ళి తలుపు తీసి పట్టుకున్నాడు. "కాస్త దారివ్వండి, అమ్మాయి వెళ్తుంది," అన్నాడు బెంచీ మీదివాళ్ళతో. వాళ్ళు కాళ్ళు ముడుచుకున్నారు. జన్మలో ఎవరూ ఆమెకు అంత మర్యాదగా దారివ్వలేదు.

వీధిలోకి వచ్చాక ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. గాజు తలుపులోంచి మాస్టారు కనిపిస్తున్నాడు. బొమ్మకు కొత్త కోటు తొడుగుతున్నాడు, చేతిని నొప్పి కలగకుండా దూర్చినంత నెమ్మదిగా. ఆమెకు అంత నెమ్మదిగా ఎప్పుడూ తొడగలేదు.

చేతిలో ఆసుపత్రి సంచి తప్ప ఏమీ లేదు. ఎటు వెళ్ళాలో తెలియక, ఆయన చెప్పిన పక్క వీధివైపే నడిచింది. రొమ్ములు సలుపుతున్నాయి, అయినా భుజాలు వంచలేదు. నడుస్తూ నడుస్తూ ఆయన మాటను మనసులో మళ్ళీ వింది. చెప్పండమ్మా. అమ్మా అన్నాడు. ఏళ్ళ తరబడి ఆ నోట వినాలని కాచుకున్న పిలుపు అది. గుమ్మం బయటికి గెంటడానికి వాడిన మాట అని తెలిసీ, అది చెవికి తియ్యగానే తగిలింది. ఆ తీపిని చూసుకుని ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఇంకోసారి వింది.